విఠల్ సారు నవలకు నా నోటి దొంగ అచ్చు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. చాప మీదికి రండి. ఒక పెద్దమనిషిని నిండు సభలో దొంగను చేసిన కథ చెబుతాను. చేసింది నేనే. అదీ ఆయన కథ నచ్చి, మెచ్చుకుని చేశాను. నేను మెచ్చుకుంటే అట్లా ఉంటుంది మరి.

మాది కోరుట్ల. మా వాడలో ఆడవాళ్లందరం బీడీలు చేస్తాం. పొద్దున్నే మా ఇంటి అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, అందరి చేతులూ తునికాకు చుడుతుంటాయి, అందరి చెవులూ నా వైపే ఉంటాయి. కథ చెప్పాల్సింది నేను. చదివింది మూడో తరగతి, అదీ సగం. కానీ ఒక్కసారి విన్నది చీరకు పట్టిన తంబాకు వాసనలా నన్ను వదలదు. మా అరుగుకు ఒక రివాజు ఉంది. కథ ఎవరిదని ఎవరూ అడగరు. ఊళ్ల పేర్లు తీసేసి మాకు తెలిసిన ఊళ్లు పెట్టాలి, వినేవాళ్ల చేతులు ఆగకూడదు. అంతే.

మా పక్కింటి విఠల్ సారు ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన తెలుగు పంతులు. ఇక్కడే రిటైరయ్యారు. ఏళ్ల తరబడి కూర్చుని ఒక నవల రాశారు. హైదరాబాద్‌లో పెద్ద బంగ్లా, పెళ్లిలో నగ మాయం, తీసిందెవరో చివరి దాకా తెలియదు. అచ్చుకు ఇచ్చే ముందు రోజూ సాయంత్రం భార్య సుమతమ్మకు చదివి వినిపించేవారు. ఆమెకు రెండో పేజీకే గురక. ఇక లాభం లేదని గోడ మీదుగా నన్ను పిలిచారు.

"నర్సవ్వా, జర వచ్చి ఇను. ఎట్లున్నదో నిజం చెప్పాలె."

"నాకేం తెలుస్తది సార్?"

"తెల్వనోళ్లకు నచ్చితేనే అది కథ."

సుమతమ్మ గురక పక్కనే కూర్చుని విన్నాను. ఎంత నచ్చిందంటే, సారు చదవడం అయిన మరునాడే అరుగు మీద మొదలుపెట్టేశాను. హైదరాబాద్ బంగ్లాను వేములవాడ సత్రం చేశాను. అంతా సాఫీగా నడిచింది. చివర్లో పోలీసాయన వేలిముద్రలతో దొంగను పట్టుకుంటాడు. అక్కడ మా బాలవ్వ చాట కింద పెట్టేసింది.

"వేలిముద్రలా? ఆకు చుట్టి చుట్టి నా వేళ్లు అరిగిపొయ్యి రేషన్ దుకాండ్ల మిషినే నన్ను గుర్తువడ్తలేదు. దొంగను గుర్తువడ్తదా?"

"కథల గట్లనే ఉన్నది బాలవ్వా."

"అయితే కథ మార్చు."

చేతులు ఆగిపోయాయి. ఇంకేం చేస్తాను? వేములవాడ రాజన్న దేవుడికి మొక్కుగా ఎవరో తెచ్చిన కోడెను సత్రం వాకిట్లోకి తోలాను. అది పెళ్లివాళ్లందరినీ వాసన చూసుకుంటూ వెళ్లి, పెళ్లికూతురి మేనమామ ముందు నిలబడింది. కదలమంటే కదలలేదు. నగ ఆయన ధోతి ముడిలో ఉంది. బాలవ్వ కళ్లు తుడుచుకుంది.

కార్ఖానాకు బీడీలతో పాటు ఈ కథ కూడా వెళ్లింది. కొద్ది రోజుల్లో ఏ వాడకు వెళ్లినా కోడె మాటే. నా నడక చూడాలి మీరు, పెళ్లికి ముస్తాబైన గుర్రం కూడా అంత తల ఎగరేయదు.

ఇంతలో సారు పుస్తకం అచ్చయి వచ్చింది. సంఘం భవనంలో సభ. ముఖ్య అతిథి ఒకప్పటి సారు శిష్యుడు, ఇప్పుడు కరీంనగర్‌లో వకీలు. మా అరుగంతా వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాం. సారు కొత్త చొక్కా వేసుకుని మైకు పట్టుకున్నారు.

"పెండ్లిల నగ పోతది. దొంగ ఎవరో నేను చెప్పను. పుస్తకం చదివి మీరే తెలుసుకోవాలె."

"మేనమామనే గద సార్" అంది బాలవ్వ.

సారు మైకు కిందికి దించారు. "నీకెట్ల తెలుసమ్మా?"

"ఊరందరికి తెలుసు. గిది మా నర్సక్క కథ. మీరు వేములవాడ తీసి హైదరాబాద్ పెట్టిండ్రు. పెట్టుకోండ్రి, మంచిదే. మరి కోడేది?"

"కోడె ఏంది?"

"చూసిండ్రా, కోడెను గూడ మాయం చేసిండు."

హాలంతా గుసగుసలు. వెనక నుంచి ఒక గొంతు వినబడింది: "చూసి రాస్తే మాతోని గోడకుర్చీ ఏపిచ్చిన సారేనా గీయన?"

సారు ముఖం సున్నం కొట్టిన గోడ అయింది. ఆ ఒక్క రోజు కోసం ఏళ్లు కాచుకున్న మనిషి. నా వల్ల, పాఠం చెప్పించుకున్న పిల్లల ముందే దొంగగా నిలబడ్డారు. లేచాను.

"కథ సారుదే. నేను ఇని చెప్పిన."

బాలవ్వ నా కొంగు పట్టి గుంజింది. "కూసో అక్కా. సారు ఇజ్జత్ పోవద్దని గట్లంటున్నది. ఎంత మంచి మనసో."

హాలు చప్పట్లు కొట్టింది. నాకు. నేను నిజం చెప్పిన కొద్దీ ఆయన ఇంకా దొంగ అవుతున్నారు.

అప్పుడు వకీలు లేచారు. "నర్సవ్వా, సారు నోట ఇన్నది ఇన్నట్టు చెప్తవా?"

కళ్లు మూసుకుని, సారు గొంతుతోనే ఎత్తుకున్నాను. "బంగ్లా ముందు కార్లు బారులు తీరాయి. షామియానా కింద సన్నాయి మోగుతోంది. సుమతీ, పన్నవా? నగల పెట్టె తెరిచిన పెళ్లికూతురు కెవ్వున అరిచింది. సుమతీ, నిన్నే, జర లెవ్వు."

హాలు పగలబడి నవ్వింది. సుమతమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. వకీలు పుస్తకం తెరిచి చదివారు. సుమతమ్మ తప్ప మిగిలినదంతా పొల్లుపోకుండా అందులో ఉంది.

బాలవ్వ మెల్లగా నా వైపు తిరిగింది. "అంటే దొంగవు నువ్వా?"

"నేను సారింట్ల చెంచా గూడ ముట్టలే. ఇన్నదానికి దొంగతనం ఎట్లయితది?"

"చాట కొంటే ఎవలదమ్మా?" అని అడిగారు వకీలు.

"కొన్నోళ్లది."

"పుస్తకం కొంటే?"

"కొన్నోళ్లదే."

"మరి దాన్ని మల్ల అచ్చేసి అమ్ముకోవచ్చునా?"

"నాదైనంక నా ఇష్టం గద సార్."

"సరిగ్గ గిదే మాట వందల ఏండ్ల కింద పరదేశాల దొంగ అచ్చు ఏసెటోళ్లు కోర్టుల్ల అన్నరు. జడ్జీలు, పండితులు మస్తు కొట్లాడిండ్రు. ఆఖరికి ఏం తేల్చిండ్రంటే, కాగితం కొన్నోనిది, మాట రాసినోనిది."

"నేను కాగితం గూడ కొనలే సార్."

"అయితే నీ కేసు ఇంకింత ఖరాబ్."

బాలవ్వకు అనుమానం తీరలేదు. "రాసినోడు సచ్చినంక గూడ ఆయనదేనా?"

"గా ముచ్చట మీద మల్లొకసారి కొట్లాడిండ్రు. కొన్నేండ్లు రాసినోనిది, అటెన్క అందరిది అన్నరు."

"చూసినవా అక్కా, జర ఆగి చెప్తే అయిపోతుండె."

ఇక ముందు ఆ కథ ఎప్పుడు చెప్పినా ముందుగా సారు పేరు చెప్పాలని వకీలు తీర్పు. ఒప్పుకుని కూర్చున్నాను. విచిత్రం చూడండి, కోడె లేని కథ ఎట్లా ఉంటుందోనని జనం పుస్తకాలన్నీ కొనుక్కుపోయారు.

కొన్నాళ్లకు సారు మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నర్సవ్వా, మల్లొకసారి అచ్చేస్తున్న. చదివినోళ్లందరు కోడేది, కోడేది అని పరేషాన్ చేస్తుండ్రు. జర గా కోడెను నాకియ్యి."

నేను ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అన్నాను. "కాగితం కొన్నోనిది. మాట మీది. కోడె నాది సార్."

సారు చాలాసేపు నవ్వారు. "సరే తల్లీ, నీ పేరు ఏస్త."

"ముందుగల్ల ఏయాలె మరి. తీర్పు యాదికున్నది గద?"

వేశారు. మొదటి పేజీలో, ఆయన పేరు కంటే పైన.

మీ అందరి ఎదుట, తునికాకు చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రాసినవాళ్ల పేరు చెప్పకుండా ఒక్క కథ కూడా అరుగెక్కించను. అడగకుండా ఎవరి పెళ్లిలోకీ కోడెను తోలను. మీ పొయ్యి చల్లారకుండా, మీ వాకిట్లో నవ్వు ఆగకుండా, మీ ఇంట చదివేవాళ్లూ వినేవాళ్లూ పదికాలాలు చల్లగా ఉండాలి.