సన్నికల్లు మీద పారశీక శాసనం

మొన్న శనివారం పొద్దున, ఆరో క్లాసు చదివే మా మనవరాలు ప్రాచీన పర్షియా మీద ప్రాజెక్టు చేస్తూ, అట్టపెట్టెలు కోసి రాజప్రాసాదానికి మెట్లు అతికిస్తూ, "తాతా, నువ్వు అక్కడ వర్క్ చేశావ్ కదా, అమ్మ చెప్పింది, ఆ లెటర్స్ ఉన్న స్టోన్ ఏది? టీచర్‌కి చూపించాలి" అంది. తాగుతున్న కాఫీ కప్పు పక్కన పెట్టేశాను. పన్నెండేళ్ళుగా ఆ రాయి నన్ను పలకరించని రోజు లేదు గానీ, దాని మాట ఇంకొకరి నోట వినడం ఇన్నాళ్ళకి ఇదే.

డెట్రాయిట్ కార్ల కంపెనీల్లో డ్రాయింగులు గీసి రిటైరైన మా తరం వాళ్ళకి, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కుల్లో చెప్పుకోవడానికి ఏముంటుంది చెప్పండి? నేను మాత్రం అమెరికా రాకముందు ఇరాన్‌లో రెండేళ్ళు పనిచేశాననీ, అలెగ్జాండరు తగలబెట్టిన పారశీకుల రాజధాని పెర్సెపోలిస్‌లో రాలిపడ్డ ముక్కొకటి జేబులో వేసుకొచ్చాననీ చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా ఆ రెండేళ్ళు నాలుగయ్యాయి, రాయి మీద చక్రవర్తి పేరు కూడా మొలిచింది. నిజమేమిటంటే, నేనొచ్చిన విమానం తెహ్రాన్‌లో మూడు గంటలు ఆగింది, మమ్మల్ని కిందికి కూడా దిగనివ్వలేదు. ఆ రాయి మా పెళ్ళిలో మా ఆవిడ కాలు మోపిన సన్నికల్లు. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెస్తే దారిలో మూల విరిగింది. పెద్దముక్క వంటింటికి పోయింది, చిన్నముక్క కాగితాలు ఎగరకుండా నా బల్ల ఎక్కింది. కడప నల్లరాయి మీద అక్షరాలెక్కడివంటారా, మీకూ గుర్తుండే ఉంటుంది, అరిగిన రోళ్ళకు కక్కు కొడతామని వీధి వెంట కేకేసుకుంటూ వచ్చే మనిషి, అతని ఉలి దెబ్బలవి. ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. ఏదో పుస్తకంలో మేకులు పరిచినట్టుండే పారశీకుల లిపి చూసిన రోజునే నాకీ దుర్బుద్ధి పుట్టింది.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింట్లో తన కూతురి దగ్గర ఒక ఇరానీ పెద్దావిడ ఉండేది. ఆ పెర్సెపోలిస్‌కి దగ్గర్లోనే ఉన్న షిరాజులో బడిపంతులమ్మగా చేసి, విప్లవం వచ్చినప్పుడు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చేసిన మనిషి. రెండువేల ఒకటి సెప్టెంబరు తర్వాత వీధివాళ్ళు మా రెండిళ్ళనీ ఒకేలా చూడడం మొదలెట్టేసరికి, మేమూ ఒకరికొకరం దగ్గరయ్యాం. ఆవిడ నన్ను ఆఘా అనేది, నేను ఖానుం అనేవాణ్ణి, మనం అయ్యగారూ, అమ్మగారూ అనుకున్నట్టు. అలెగ్జాండరు నిప్పు పెట్టిన సంగతి కిందటి మంగళవారం జరిగినట్టు తిట్టేది. "మీ మీదికీ వచ్చాడుగా వాడు?" అంటే, "వచ్చాడు, మావాళ్ళే తరిమారు" అన్నాను, అతగాడు గోదావరి ఛాయలకే రాలేదన్న సంగతి మింగేసి.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలప్పుడు, నా మిత్రుడొకడు నా గొప్ప చెబుతూ ఆ రాయి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. చుట్టూ ముప్పైమంది. కాదు, పన్నెండుమందే, చూశారా, పోని బుద్ధి. ఆవిడ బొటనవేలితో గాట్లన్నీ తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కళ్ళకద్దుకుంది. "కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుకోనా, ఆఘా?" అంది. ఇక జన్మలో చూడలేని చోటి రాయి అనుకుని అడుగుతున్న మనిషితో, అది చింతకాయ పచ్చడి నూరిన రాయని ఎలా చెప్పను? మా ఆవిడ మాత్రం వంటింట్లోకి లాక్కెళ్ళి, "పాపమండీ, చెప్పేయండి" అంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రెండు చలికాలాలు గడిపేశాను.

ఆవిడకి జబ్బు ముదిరి మంచాన పడ్డాక, ఇంకా దాస్తే పాపమని ఒక మధ్యాహ్నం వెళ్ళాను. రాయి దిండు పక్కనే ఉంది. "ఖానుం, ఈ రాయి..." అనగానే చెయ్యెత్తి ఆపింది.

"చదివి వినిపించనా? ముప్పై ఏళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పినదాన్ని."

కళ్ళు మూసుకుని, గాటు గాటుకీ వేలు జరుపుతూ, ఆ పాత రాజుల శాసనాల ధోరణిలో మెల్లగా చదివింది. "నేను షిరాజు పంతులమ్మను, ఒక తోటమాలి కూతుర్ని. ఈ ఇల్లు నేను కట్టాను. నేను లేనప్పుడు దీన్ని ఎవరూ పాడుచేయకుందురు గాక." తర్వాత ఒక కన్ను తెరిచి, "బాగా చదివానా, ఆఘా?" అంది.

"ఒక్క అక్షరం పొల్లుపోలేదు, ఖానుం" అన్నాను.

నాలుగో రోజున పోయింది. ఆవిడ కోరిందని కూతురు ఆ రాయిని మట్టితోపాటు సమాధిలో వేస్తుంటే, సన్నికల్లు తొక్కించేటప్పుడు పురోహితుడు చెప్పిన మాట, ఈ రాయిలా స్థిరంగా ఉండమన్నది, ఎందుకో నా నోటికొచ్చింది. ఆవిడ నన్ను క్షమించిందో, ఆటపట్టించిందో, లేక ఆ గాట్లలో నిజంగానే తన ఇల్లు కనబడిందో తేల్చుకోలేక, ఇవాళ్టికీ బయట మంచు పేరుకుని ఇల్లంతా నిశ్శబ్దమైనప్పుడు, రాతి మీద నడుస్తున్న ఆ బొటనవేలి చప్పుడు వింటుంటాను.

మనవరాలికి ఈసారి ఉన్నదున్నట్టు చెప్పి, వంటింట్లోంచి పెద్దముక్క తెచ్చి చూపించాను. "సో, ఇది జస్ట్ కిచెన్ స్టోనా?" అని మూతి ముడుచుకుని, కాసేపటికి తనే గాట్లలో వేలు పెట్టి, "అయినా ఏం రాసుంది తాతా?" అంది. నువ్వే చదివి చెప్పమని రాయి దాని ముందుకు జరిపాను. మిక్సీలొచ్చాక ఆ కక్కు కొట్టేవాడి కేక మన ఊళ్ళలోనే వినబడడం లేదు. ఏ రెండువేల ఏళ్ళకో ఎవరో ఈ మిషిగన్ మట్టి తవ్వి, ఈ నేలది కాని నల్లరాయిని పైకి తీసి, ఆ గాట్లు చూసి తలలు పట్టుకుంటారు. అవి ఉలి దెబ్బలని చెప్పడానికి నేనుండను. వాటిని చదవడానికి ఆవిడా ఉండదు.