లలిత పలక

నిన్న పొద్దుగాల పదింటికి సునీత ఫోన్ చేసింది. నా భార్య లలితతో పనిచేసే నర్సు.

"అన్నా, జర కూసో," అన్నది.

నిలబడే విన్న.

లలిత ఇగ లేదు. ఆష్టిల ట్రైనింగ్‌కు పోయింది. క్లాస్ మొదలుకాకముందే గుండె ఆగింది. సాయంత్రం ఆమె వస్తదని నేను ఇంట్ల బియ్యం నానవోసి ఉన్న.

నిన్ననే ప్రాణహిత ఒడ్డున అన్నీ అయిపోయినయి. చాలామందికి ఫోన్ చెయ్యలేకపోయిన. అందుకే ఇక్కడ రాస్తున్న.

లలిత ఏఎన్ఎం. చివరి ఆరేండ్లు మహారాష్ట్రల భామ్రాగడ్ దిక్కు డ్యూటీ. వానకాలం వాగులు పొంగితే సిరోంచల మా ఇంటికి వచ్చే తొవ్వ ఉండకపోయేది. కరెంట్ ఉండది. సిగ్నల్ ఉండది.

ఆమె దగ్గర పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ ఒకటి ఉండేది. "నా పలక" అనేది. ఒకసారి చార్జ్ చేస్తే మూడు వారాలు.

దాంట్ల మరాఠీ సర్క్యులర్లు, కాన్పుల పుస్తకాలు. వాటి పక్కనే తెలుగు నవలలు.

మేమిద్దరం మరాఠీ మీడియం. ఇంట్ల మాట్లాడేది తెలుగే కాని చదవరాదు. నలభై దాటినంక లలిత పలక మీద అక్షరాలు పెద్దగ చేసుకొని నేర్చుకున్నది. తర్వాత నాకు నేర్పింది. నేను హైస్కూల్ల లెక్కలు చెప్త. తప్పు చదివితే, "సార్లకే చదువు రాకపోతే పిల్లల గతేంది?" అనేది.

ఈ నాలుగు ముక్కలు తెలుగుల రాస్తున్ననంటే ఆమె వల్లనే.

ఒకసారి రివ్యూ మీటింగ్‌ల పెద్దసార్ లలితను కొత్త సర్క్యులర్ చదవమన్నడు. పలక తెరిస్తే నవల వచ్చింది. సార్ వంగి చూసిండు.

"ఇది ఏ ఆఫీసు సర్క్యులర్?"

"మా ఇంటిది సార్. అర్జెంట్."

మీటింగంత నవ్విందట. సార్ కూడ.

అప్పుడే నేనన్న, డ్యూటీకి ఒకటి, ఇంటికి ఒకటి పెట్టుకో, ఇంకోటి నేను కొనిస్త అని.

"రెండు మోసుకొని వాగు దాటుడు నాతోని కాదు," అన్నది.

ఇయ్యాల పొద్దున సునీత వచ్చింది. లేవబోయి అడిగింది.

"అన్నా, ముగ్గురు గర్భిణుల సంగతి వదిన పలకల రాసి పెట్టింది. ఇద్దరికి ఈ నెలల్నే కాన్పు."

పలక ఇయ్యబుద్ధి కాలే. కాగితం మీద రాసిస్త అన్న.

పలకల చేత్తో రాసుకునే నోట్‌బుక్ ఒకటి ఉంటది. ఏది చదివినా, ఎవరిని చూసినా దాంట్లనే రాసేది. తొందరగ వస్తదని అంత మరాఠీలనే.

"రక్తం తక్కువ. గోళీలు మింగుతలేదు. అత్తకు చెప్పాలె."

ఇది పనిది. రాసిన.

కింద ఇంకోటి.

"ఈమెను తిన్నవా అని ఒక్కరన్న ఎందుకు అడగరు?"

ఊరు పేరు లేదు. మనిషి పేరు లేదు. ఆ ముగ్గురిల ఒకామెనా, నవలల మనిషా, నాకు తెల్వలే. ఇరవై రెండేండ్ల కాపురం. ఆమె పక్కన కూసొని చదివిన. అయినా తెల్వలే.

ఇడిచిపెడ్తే ఎట్ల?

పెన్ను పక్కన పెట్టిన. పలకనే సునీత చేతిల పెట్టిన, చార్జర్‌తోని.

"అన్నీ చదువమ్మా. ఒక్కటి కూడ వదలకు," అన్న.

ఆమె మధ్యాహ్నం బస్సుకు భామ్రాగడ్ పోయింది.

లలితా, ఆ తల్లుల దగ్గరికి మనిషి పోయింది. నువ్వు ఇగ నిమ్మళంగ ఉండు.