టేపులో పోయిన అక్షరం

గుమ్మఘట్ట దాటి జీపు గుట్ట మీదికి ఎక్కేసరికి పొద్దున పది. ఎర్రనేల. చెట్టన్నది లేదు. కింద వేరుశనగ విత్తి, వాన రాక వదిలేసిన చేలు. పైన వరసగా కరెంటు తీసే గాలి ఫ్యాన్లు. నాకిచ్చిన సామాను ఒక లాఠీ, ఒక టార్చి, నీళ్ల క్యాను, వాకీటాకీ. ఆర్డరు ఒక్కటే ముక్క: రాగితీగల దొంగలు వస్తారు, రానివ్వకు.

సైన్యంలో నాది సిగ్నల్స్. మంచుకొండల మీద చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని గరగరలోంచి మాటలు ఏరడం నా పని. పింఛను పుచ్చుకుని రాప్తాడులో కూర్చుంటే ఒళ్లు తుప్పు పట్టింది. అందుకే ఈ సెక్యూరిటీ డ్యూటీకి ఒప్పుకున్నాను. ఆదివారాలు మన గుంపు పాత కచేరీలు వింటున్నప్పుడు, రికార్డు ఆగినా నేను లేవనని మీరు తిడతారు కదా. దానికి కారణం ఆ గుట్ట మీద ఉంది. చెప్తాను. మధ్యలో ఎవరూ నవ్వొద్దు.

మేం నలుగురం. గేటు దగ్గర ఒక పెద్దాయన, మాటలో సగం కన్నడం. డ్రైవర్ ధర్మవరం మగ్గాల ఇంటివాడు. మగ్గం పక్కన రేడియో వింటూ పెరిగినవాడు, ఫోను నిండా పాత రికార్డింగులే. కంట్రోల్ రూములో ఆపరేటర్ దస్తగిరి. ముగ్గురి దగ్గరా వాకీటాకీ సెట్లున్నాయి. మధ్యాహ్నం గాలి పడిపోయి ఫ్యాన్లు నిలిచిపోతే చేయడానికి పనుండదు. అప్పుడు డ్రైవర్ ఫోను దగ్గర సెట్టు పెట్టి బటన్ నొక్కి పట్టుకునేవాడు. పాట అయ్యాక ఒక్కొక్కరూ రిపోర్టు ఇవ్వాలి. రూలు నాది. బాగుంది, అద్భుతం అంటే కుదరదు. చెవికి అందిందే చెప్పాలి.

"గేటు, నీకేం ఇనపడింది? ఓవర్."

"ఆయమ్మ పల్లవి ఎత్తుకోకముందు దగ్గింది సార్. కొంగు అడ్డం పెట్టుకోని దగ్గింది. ఓవర్."

"కొంగు నీకెట్ల కనపడిందప్పా?"

"కనపడలే సార్. ఇనపడింది."

అదీ మా గేటు! అలాంటి చెవి మన గుంపులో ఒక్కరికీ లేదు, కోపగించుకోకండి.

దస్తగిరి మాత్రం ఎప్పుడూ "కంట్రోల్, ఇన్నాను, ఓవర్" అని ఊరుకునేవాడు. ఒకరోజు నన్ను తన గదికి పిలిచాడు. ఫోను బల్ల మీద పెట్టి, దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

"మాది సన్నాయి ఇల్లన్నా," అన్నాడు. "సాయిబులమే. నమాజు ఇంట్లో, సన్నాయి గుడిలో. మా నాయన ఊదనిదే ఆ గుడిలో స్వామికి పెండ్లి కాదు. నాయనది ఒకే ఒక్క టేపు మిగిలింది. ఫోనులోకి ఎక్కించుకున్నా. ఇను."

విన్నాను. ముఖారి రాగం. తండ్రి సన్నాయి నెమ్మదిగా మెట్లెక్కుతోంది. దాని కింద సుతి సన్నాయి, ఒకే స్వరాన్ని పట్టి ఉంచేది. సుతి పట్టింది పదేళ్ల దస్తగిరి. రాగం మంచి పట్టులో ఉండగా తండ్రి సన్నాయి తెగిపోయింది. సుతి ఒక్కటే సాగుతోంది. ఒక మగ గొంతు. మొదటి అక్షరాలు గరగరలో పోయి "ద్దురా" అన్నది మాత్రమే మిగిలింది. ఆపైన సుతి కూడా ఆగింది. తర్వాత జనం అరుపులు.

"గుండె పట్టుకోని కూలబడినాడు. 'ఊదొద్దురా' అన్నాడు. నాకు చెప్పిన ఆఖరు మాట అదే. ఆ పొద్దు ఇడిసిన సన్నాయి మళ్లా ముట్టలే. ఇప్పుడు గుడోళ్లు అడుగుతాండారు. ఉగాదిలోపల నువ్వన్నా రా, లేకుంటే మేళం మోగించే కరెంటు మిషన్ పెట్టుకుంటాం అని. ఏం చెప్పల్లో తెలీక మన డ్రైవర్‌కు ఈ టేపు ఇనిపించినా. వాడేమో 'అది ఊదొద్దురా కాదన్నా, ఆపొద్దురా' అంటాడు." ఫోను నా వైపు జరిపాడు. "ఇన్నేండ్లూ నాయన మాట తప్పలేదనుకున్నా. అది ఆపొద్దురా అయితే, ఇన్నేండ్లూ తప్పినట్టే కదన్నా? నీది మిలట్రీ చెవి. నువ్వే చెప్పల్ల."

ఆ టేపును హెడ్‌సెట్‌తో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 'ఆపొద్దురా' అనాలంటే పెదాలు మూతపడాలి. మూతపడినంతసేపు గొంతు తెగుతుంది. 'ఊదొద్దురా'కి పెదాలు కలవక్కర్లేదు, నాలుక పళ్లకు తగిలితే చాలు. మొదటి అక్షరం ఎలాగూ గరగరలో పోయింది. ఇక తేడా పట్టాల్సింది ఆ ఒక్క చోటే. సరిగ్గా ఆ చోటే టేపు నలిగిపోయింది.

డ్రైవర్ నన్ను పక్కకు లాగాడు. "ఆపొద్దురా అని చెప్పేయన్నా. అబద్ధమైతే ఏం పోతాది? మనిషి బతుకుతాడు."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. తెలియనిదాన్ని తెలిసినట్టు రిపోర్టు చేస్తే పోస్టు మీద మనుషులు చస్తారు. నేను చూసినవాణ్ణి. వాణ్ణి నాలుగు తిట్టి, దస్తగిరి దగ్గరికి వెళ్లి, "నాకు తెలియలేదప్పా," అన్నాను. చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు.

ఉగాది దగ్గర పడింది. ఒక మిట్టమధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. ఫ్యాన్లు కదలడం లేదు. నేను చివరి ఫ్యాను టవర్ కింద నీడలో నిలబడి ఉన్నాను. ఎక్కడినుంచో ఒక స్వరం. సన్నగా, తెగకుండా.

"ఎవడప్పా బటన్ నొక్కి పట్టుకుండేది? ఇడవండి."

"గేటు. నేను కాదు సార్."

"డ్రైవర్. నేనూ కాదన్నా. నీకేం ఇనపడతాండాది?"

అప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఆ సెట్లలో ఒకడు బటన్ పట్టుకుని ఉంటే ఇంకొకడి మాట రాదు. వీళ్లిద్దరి మాటా తేటగా వచ్చింది. స్వరం ఆగలేదు. సెట్టు కట్టేశాను. అయినా ఆగలేదు.

టవర్ మీద చెయ్యి పెట్టాను. కాలిన పెనంలా ఉంది. లోపల సన్నగా అదురుతోంది. తలుపుకు తాళం ఉంది, తాళంచెవి నా నడుముకే ఉంది. తీశాను. స్వరం ఆగింది. లోపల నిచ్చెన, తీగలు, పాత గ్రీజు వాసన. మనిషి లేడు. తలుపు మూశాను. మళ్లీ మొదలైంది. ఈసారి శ్రద్ధగా విన్నాను. మధ్యమధ్య తెగుతోంది. తెగిన చోట ఎవరో గబుక్కున ఊపిరి అందుకుంటున్నారు. పెద్దవాళ్ల ఊపిరి కాదు. చిన్న ఛాతీది.

యుద్ధంలో కూడా నేనంత భయపడలేదు. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

సెట్టు వేసి, "కంట్రోల్, చివరి టవర్ కాడికి రా," అన్నాను. దస్తగిరి ఎండలో నడిచి వచ్చాడు. చెంప ఇనుముకు ఆనించి విన్నాడు. భయపడలేదు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"నేనే అన్నా," అన్నాడు. "ఆ పొద్దు నాకు జలుబు. మాటిమాటికీ ఊపిరి తెగేది. ఆ పదేండ్ల పిల్లోడు ఇంగా సుతి పట్టుకోనే ఉండాడు చూడు. నేను ఆపినా వాడు ఆపలే."



మర్నాడు అదే వేళకు గుడ్డలో చుట్టిన నాయన సన్నాయి తెచ్చాడు. గాలి లేదు. టవర్‌కు ఎదురుగా నిలబడ్డాడు. "నువ్వు బటన్ పట్టుకో అన్నా. వాళ్లూ ఇననీ," అన్నాడు. పట్టుకున్నాను. మొదట ఉత్త గాలి. తర్వాత పిల్లి అరిచినట్టు ఒక కూత. మరో రోజైతే పగలబడి నవ్వేవాణ్ణి. ఆ తర్వాత స్వరం కుదిరింది. కుదరగానే టవర్ లోపలినుంచి సుతి అందుకుంది.

ముఖారి. తండ్రి ఎక్కిన మెట్లే. తండ్రి ఆగిపోయిన చోటుకు వచ్చేసరికి దస్తగిరికి దమ్ము చాలలేదు. సన్నాయి దించి రొప్పాడు. లోపలి సుతి కూడా వణికింది, సన్నగిల్లింది. ఆగిపోతుందనుకున్నాను.

అతను తలుపు వైపు తిరిగాడు. పెదాలు గట్టిగా కలిశాయి, విడిపోయాయి.

"ఆపొద్దురా."

సుతి నిలబడింది. అతను సన్నాయి ఎత్తి, తండ్రి ఆగిన చోటు దాటి వెళ్లాడు.

అంతా అయ్యాక బటన్ వదిలాను. వెంటనే డ్రైవర్ గొంతు. "అన్నా, మధ్యలో ఆ టేపు ఎందుకు పెట్టినారు? వాళ్ల నాయన మాట ఈ పొద్దు బాగా ఇనపడింది. నేను చెప్పలే? ఆపొద్దురా!"

"గేటు. నాకూ అట్లే ఇనపడింది సార్. ఓవర్."

టేపు ఉన్న ఫోను మా దగ్గర లేదు, కింద కంట్రోల్ రూములో, తాళం వేసిన గదిలో ఉంది. నేను వాళ్లకు ఆ మాట చెప్పలేదు.

ఉగాదికి దస్తగిరి గుడికి వెళ్లాడు. గుడివాళ్లు మిషన్ తెచ్చుకోలేదు. ఎండలు ముదిరాక నా డ్యూటీ అయిపోయింది. లాఠీ, టార్చి, సెట్టు అప్పగించి, గేటు పెద్దాయనకు దండం పెట్టి, రాప్తాడు బస్సెక్కాను. టేపులో అన్న మాట ఏదని మీరడిగితే నాకిప్పటికీ తెలియదు. నా చెవికి అందిందే చెప్పాను.

ఇంతకీ మన గుంపులో రికార్డు ఆగగానే మీరంతా మాట్లాడటం మొదలుపెడతారు. నాకు ఆ ఎండలో రెండు పెదాలు కలిసి విడిపోవడం కనపడుతుంది. కాసేపు ఊరుకోండప్పా. ఆ వెనక ఎవరో చిన్నపిల్లవాడు ఊపిరి అందుకుంటాడు. అది విన్నాకే నేను లేస్తాను.