రంగు జర కారనియ్యాలె

కొత్తపేటలో మా పక్క పోర్షన్‌లో ఉండే పెద్దమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. ఫోను వచ్చేటప్పటికి నేను షూటింగులో ఉన్నాను. లైట్లు ఆర్పించి కెమెరా పక్కన కూర్చున్నాను. ఈ కెమెరాతోనే బతుకుతున్నాను గానీ, చూడటం నాకు నేర్పింది ఆమె.

పెద్దమ్మ బడి మొహం చూడలేదు. పోచంపల్లి దగ్గర ఊళ్లో నూలుకు ముడులు కట్టి రంగులో ముంచే పనిలో సగం జీవితం గడిపింది. కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం పెట్టాక ఇక్కడికి వచ్చింది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. నేను కెమెరా పని నేర్చుకుంటున్నాను. బందులతో క్లాసులు సాగేవి కావు. మా సారు ఇచ్చిన ఒక హాంకాంగ్ సినిమా డీవీడీని ఇంట్లో మళ్లీ మళ్లీ వేసుకునేవాణ్ని. దానికి పనిచేసిన ఛాయాగ్రాహకుడి పేరు చెబితే ప్రపంచంలో సగంమంది కెమెరావాళ్లు చేతులు జోడిస్తారు. ఆ సినిమాలో ఒకచోట ఇరుకు సందులో జనం చెదిరిన రంగుల్లా ఉరుకుతుంటారు. మధ్యలో ఒక్కడు మాత్రం కదలకుండా నిలబడి ఉంటాడు. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది. ఎట్లా తీశాడో మాత్రం అంతుపట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ సినిమా ముందు కూర్చుంది. కాసేపటికి చేతులు ఆగిపోయాయి.

"మాటలు బంద్ చెయ్ బిడ్డా. గవి నీకు తెల్వయ్, నాకు తెల్వయ్."

సౌండు తీసేశాను. ఆ సందు సీను మూడుసార్లు వెనక్కి తిప్పించింది.

"రంగులు అలుక్కుపోయినయ్ గదా పెద్దమ్మా, తప్పు కాదా?" అన్నాను.

"తప్పేంది? మా పనిల గూడ ముడి అంచుల రంగు జర కారుతది. కారనియ్యాలె. కారితెనే పువ్వుకు పానమొస్తది. గీ పిలగాడెవడో పనిమంతుడు."

అరవైకి దగ్గరపడిన ఆ మహానుభావుణ్ని పిలగాడు అనేసింది. నేను నవ్వలేకపోయాను. పుస్తకాల్లో నాకు దొరకనిది ఆమెకు మూడు చూపుల్లో దొరికింది.

తర్వాతి వారం ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకు తినే నిరసన. క్లాసుకు చూపించాల్సిన చిన్న సినిమా అక్కడే తీద్దామని, ఒక్క పూటకి అరువు తెచ్చిన కెమెరాతో వెళ్లాను. మొహాలన్నిటినీ పొగ కమ్మేసింది. విసుగొచ్చి కెమెరా దించేశాను. మా వీధి ఆడవాళ్లతో కలిసి వచ్చి పొయ్యి దగ్గర వండుతున్న పెద్దమ్మ అది చూసింది.

"పొగ పోవాల్నని చూస్తున్నవా? ఎండకు ఎదురుంగ నిలవడి పొగనే తియ్!"

అటు తిరిగాను. ఒక్కసారిగా పొగంతా వెలిగింది. ఆడవాళ్ల కొంగులు, గరిటెలు, చేతులు బంగారు అంచులతో తేలాయి. అప్పుడే ఒక కానిస్టేబుల్ లాఠీతో ఆ వెలుగులోకి వచ్చాడు.

"లేవమ్మా, రోడ్డు ఖాళీ చెయ్యాలె."

"అన్నం ఉడకలే సారూ. తిన్నంక లేస్తం," అంది పెద్దమ్మ, గరిటె తిప్పుతూనే.

అతను లాఠీ చంకన పెట్టుకుని, ఏం చేయాలో తోచక ఆ పొగలో అట్లాగే నిలబడిపోయాడు. నేను కెమెరా ఆపలేదు. ఆ షాటు చూశాకే మా సారు నన్ను మొదటి సినిమాకు సహాయకుడిగా తీసుకెళ్లాడు.

పోయినేడు పెద్దమ్మకు కంట్లో శుక్లాలు తీశారు. కట్టు విప్పేనాడు దవాఖానలో నేనూ ఉన్నాను. ఆమె మాలో ఎవరివైపూ చూడలేదు. కిటికీలోంచి పడుతున్న ఎండలోకి తన చెయ్యి చాపింది. ముడతలు పడ్డ ఆ అరచేతిని అటూ ఇటూ తిప్పుతూ, మొదటిసారి చూస్తున్నట్టు, చాలాసేపు చూసుకుంటూ ఉండిపోయింది.