అమ్ముడుపోని నారాయణపేట చీరలు

చీరలక్క పోయిందని కబురొచ్చి ఇరవై దినాలైతాంది. పిత్తాశయంల రాళ్లు. చీము పట్టకముందే ఆపరేషన్ చేస్తే బతికేది. పెద్ద దవాఖానల మూడుసార్లు తారీఖిచ్చిన్రు, మూడుసార్లు వాపస్ పంపిన్రు. ఎందుకంటే ఆమె కాయితాల మీద ఎచ్చైవీ అని రాసున్నది. వాళ్ల ఊర్లె మాత్రం "ఆ బీమారితోనే పోయిందట" అంటున్నరు. కాదు! ఏనాడు గోలీ తప్పకుంట ఇన్నేండ్లు గట్టిగున్న మనిషి. ఆమెను ముట్టుకోనీకి భయపడ్డోళ్లే ఆమెను సంపిన్రు. నాకు కడుపు మండుతాంది, అందుకే రాస్తున్న.

ఆమె అసలు పని చీరలమ్ముడు కాదు. ఎచ్చైవీ మందులు మానేసినోళ్ల ఇండ్లకు పోయి, మళ్ల దవాఖాన తొవ్వ పట్టిచ్చుడు. ఉత్తచేతులతోని పోతే వాడకట్టంత ఆరా తీస్తది. అందుకని సంచిల నాలుగు నారాయణపేట చీరలు పెట్టుకొని తిరిగేది.

నా దగ్గరికి గట్లనే వచ్చింది. అప్పటికి మా ఆయన పోయి ఏడాది. నాక్కూడ ఎచ్చైవీ ఉన్నదని మా అత్తకు తెల్వదు. గోలీల డబ్బా గలగలమంటే "ఏందే అది?" అన్నది ఒకసారి. భయమై రెండు నెల్లు మింగుడే బంద్ చేసిన. అక్క అరుగు మీద కూసొని ఎర్రంచు చీర నా ఒడిల పరిచింది. దాని కింద నా చెయ్యి పట్టుకున్నది.

"డబ్బాల దూది పెట్టు చెల్లె, సప్పుడు రాదు. నాకు పన్నెండేండ్ల సంది ఉన్నది. చూడు, నీకంటె నేనే లావున్న!"

ఒకనాడు పక్కింటి వదినె నిజంగనే ఆ చీర కొంటనని కూసున్నది. అక్క ఠక్కున మూడింతల ధర చెప్పింది. వదినె తిట్టుకుంట లేచిపోయింది. "ఇది పోతే రేపు ఏం పట్టుకొని రావాలె నేను?" అని అక్క ఒకటే నవ్వుడు.

పోయినేడు దవాఖానోళ్లు ఆమె నౌకరి తీసేసిన్రు. ఇగ మందులు మానినోళ్లకు ఫోన్లు చేస్తరట. ఎవల ఫోన్‌కు? మా ఇంట్ల ఫోన్ మా మరిది జేబుల ఉంటది. మీ వదినె ఎచ్చైవీ గోలీలు తీస్కపోలేదని ఆయనకు చెప్తరా? అక్క ఆ దవాఖాన పెద్దసారును మొఖం మీదనే అడిగింది: "సారూ, మీ ఇంట్ల ముచ్చటైతే గిట్లనే ఫోన్ల చెప్తరా?" జీతం లేకున్నా అక్క తిరుగుడు ఆపలే.

దినాలనాడు వాళ్లింటికి పోయిన. నాలాంటి ఆడోళ్లు శానమంది వచ్చిన్రు. ఒకల మొఖం ఒకలం చూసుకోలే. ఆమె అన్న ఒక్కొక్కరిని అడుగుతున్నడు, "నీకేమైతదమ్మా మా చెల్లె?" అని. నా ముందున్నామె "చీరలు కొంటుంటి" అన్నది. నేనూ అదే అన్న. థూ, ఏం బతుకు నాది! "ఇన్ని చీరలమ్మిందా మా చెల్లె" అని ఆ అన్న సంబురపడుకుంట ఏడ్చిండు. లోపటికెల్లి ఆమె సంచి తెచ్చి చూపిచ్చిండు. అవే నాలుగు చీరలు. విప్పి మడిచి, విప్పి మడిచి, మడతల కాడ చిరుగు పట్టినయి.

ఇగ నాతోని కాలే.

"అన్నా, అబద్ధమాడిన. నేను ఒక్క చీర కొనలే. నాకు ఎచ్చైవీ ఉన్నది. మీ చెల్లె నాతోని మందులు మింగిచ్చి బతికిచ్చింది."

ఆయన నాలుగు చీరలు మళ్ల సంచిల పెట్టి, నా చేతికిచ్చిండు.

ఆ ముచ్చట నాకంటె ముందే మా అత్తకు చేరింది. ఆమె ఇంక సరిగ మాట్లాడతలేదు. మాట్లాడకుంటె మానె. ఇయ్యాల నా డబ్బాల దూది తీసేసిన, మోగితే మోగనీ అని.

మక్తల్ దిక్కు ఒకామె రెండు నెల్ల సంది మందులకు పోలేదట. సంచి సదురుకున్న. ఎర్రంచు చీర చిరుగు కనవడకుంట మడత మార్చి పైన పెట్టిన. దాని కింద, ఆమె కోసం, కొంచెం దూది.