విశాఖ మీది దాకా పోయొచ్చిన బాపు

మొన్న మనవరాలు విశాఖకు టికెట్టు తీస్తూ, హైదరాబాదు విమానాశ్రయం నుంచి అక్కడి విమానాశ్రయానికి సుమారు అయిదు వందల కిలోమీటర్లని, గంటా పది నిమిషాల్లో దిగిపోవచ్చని ఫోనులో చూసి చదివింది. నాకు ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు, ఆ లెక్కను అంత ధీమాగా రాసినవాడి మీద. నిజం చెప్పాలంటే, డెబ్బైల్లో అదే ధీమాతో అలాంటి లెక్కే చెప్పిన నా మీద.

అప్పుడు మేం లాల్‌దర్వాజాలో కిరాయికుండేవాళ్లం. నాలుగో తరగతితో బడి మానేసి బైండింగు కార్ఖానాలో చేరిన నేను, కుట్టడానికొచ్చిన పుస్తకాలే చదివి గల్లీలో చదువుకున్నవాడిననిపించుకున్నాను. పాత అట్లాసు మీద కుట్టుదారం పరిచి, దాన్ని పటం కిందనున్న కొలతగీతకు ఆనించి, ఏ ఊరు ఎంత దూరమో చెప్పేవాణ్ని. "ఏంది భాయ్, దారంతోని దునియా మొత్తం కొలుస్తున్నవ్!" అని ఎదురింటి దర్జీ ఎగతాళి చేసేవాడు గానీ, బిడ్డనివ్వబోయే ఊరి దూరం మాత్రం నన్నే అడిగాడు.

విశాఖ రేవులో పనిచేసే మా అన్న ఓడ నిచ్చెన మీంచి పడ్డాడని, వెంటనే రమ్మని ఒక మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. మా బాపు సంచి సర్దుకుని సాయంత్రం రైలుకు బయల్దేరాడు. నేనే ఆపాను. దారం పరిచాను. రైలు రాత్రంతా నడిచి పొద్దెక్కాక గానీ చేరదు, తెల్లవారి విమానమైతే గంటన్నరలో దిగుతుంది, రైలుకన్నా ముందే అన్నను చూస్తావన్నాను. సచివాలయంలో గుమాస్తా అయిన మా బావ తిరిగి తిరిగి ఒక్క సీటు సంపాదించాడు. ఎన్నడూ విమానమెరుగని బాపు, చదువుకున్న కొడుకు మాట కాదనలేక, తెల్లవారి బేగంపేటలో నా చెయ్యి వదిలి లోపలికి వెళ్లాడు.

పదకొండు గంటలకు బాపు మా గల్లీలోనే రిక్షా దిగాడు. పోను గంటన్నర, రాను గంటన్నర అని ముందే చెప్పి ఉంచానాయె, అమ్మ ఆశగా ఎదురుపోయింది.

"అప్పుడే చూసొచ్చినవా? పెద్దోడు మాట్లాడిండా?"

"యాడ చూసిన?" అన్నాడు బాపు, రిక్షా పట్టుకునే నిలబడి. "ఊరి మీది దాంక పోయినం. మస్తు మబ్బు, వాన. కింద ఏం కానరాలె. తిప్పి తిప్పి మళ్ల గీడికే తెచ్చి దించిండ్రు."

ఎవరితో కొట్లాడాలి? వానలో దింపనన్న పైలటుతోనా? సాయంత్రం దాకా ముగ్గురం గోడకానుకుని కూర్చున్నాం, ముందురోజు నేను వదిలేయించిన ఆ రైలు కోసమే. బాపు విమానమెక్కిన ఆ ఉదయం పదిన్నర దాకా అన్న ప్రాణాలతో ఉన్నాడని విశాఖ చేరాక తెలిసింది. బాపు వచ్చిండా అని వదినను రెండుసార్లు అడిగాడట. బాపు ఎక్కాల్సిన రైలు మాత్రం ఆ ఉదయం తొమ్మిదింటికే చేరిందట.

ఇప్పుడు విమానాశ్రయమే మా పాతబస్తీ దిక్కుకొచ్చింది. వానలోనూ విమానాలు దిగుతున్నాయి, ఎక్కడున్న పిల్లల దగ్గరికైనా పూట తిరక్కుండా వెళ్లి వస్తున్నారు. మంచిదే, కాదనను. మా తరానికే ఆ భాగ్యం లేకపోయింది. బాపు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, ఒక్కనాడూ నన్నొక్క మాట అనలేదు. ఏ ఊరికి వెళ్లాల్సి వచ్చినా, అక్షరం రాని ఆ మనిషి, నన్నడగకుండా ఫలక్‌నుమా స్టేషను దాకా నడిచి వెళ్లి, దారిన పోయేవాళ్ల చేత రైళ్ల వేళల బోర్డు చదివించుకుని వచ్చేవాడు.