యమున ఒడ్డున బీడు లేదు

ఛాయాదేవి ఉద్యోగం పైనుంచి కిందికి చూడటం. ఉపగ్రహం తీసిన బొమ్మల్ని బట్టి కంప్యూటర్ నేలకు రంగులు వేస్తుంది: సాగుకు ఆకుపచ్చ, బీడుకు గోధుమ. ఆ రంగు నిజమో కాదో ఆమె డ్రోన్ వీడియో చూసి తేల్చాలి. ఒక్కటే నియమం. ముందు వీడియో చూసి కనిపించింది రాయాలి, ఆ తర్వాతే మ్యాపు తెరవాలి. పరీక్షకు ముందే జవాబులు చేతికివ్వరు కదా!

గురుగ్రామ్‌లోని ఆ కన్సల్టెన్సీ డైరెక్టర్ సదాశివరావు మాత్రం ఇస్తాడు. "మ్యాపు పక్కన పెట్టుకుని చూడమ్మా, తొందరగా తెములుతుంది" అంటాడు. అలా చూస్తే మ్యాపు చెప్పిందే కళ్లూ చెబుతాయి. ఆ గంతల పనికి ఆయన పెట్టుకున్న పేరు వెరిఫికేషన్!

ఈసారి యమున ఒడ్డు. మ్యాపులో అంతా బీడే. బీడని తేలిందా, పార్కు పేరు చెప్పి అక్కడి రైతుల గుడిసెల మీదికి బుల్‌డోజర్ వస్తుంది. వీడియోలో మాత్రం ఇసుకలో పుచ్చతీగలు, వరసగా దోసపాదులు, డ్రోన్ మోతకి తలెత్తి చూస్తున్న ఒక ఆడమనిషి. ఛాయాదేవి 'సాగు' అని రాసింది.

"కలుపుని పొలమంటావేంటమ్మా?" అన్నాడు సదాశివరావు.

"కలుపుకి ఎవరైనా పాదులు తీస్తారా సార్?"

"అచ్ఛా! ఢిల్లీ ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్లలో పెరిగి నువ్వు నాకు వ్యవసాయం చెప్తావా?"

"వసంత్ కుంజ్ ఫ్లాటు బాల్కనీలో మీ మనీప్లాంటు బాగుందా సార్?"

ఆయన పళ్లు కొరికి, 'సాగు'లన్నీ తనే 'బీడు'గా దిద్దేశాడు.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. మ్యాపు చేయించుకుంటున్న అధికారుల మీటింగులో, "మా ఛాయాదేవి ప్రతి చోటూ కళ్లారా చూసింది" అని ఆమె పేరునే ముద్రలా కొట్టబోయాడు.

అధికారుల్లో పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. "ఠీక్ హై, మేడమ్?"

"నేను చూసింది సాగు సార్. బీడు చేసింది మా డైరెక్టర్ గారు. వీడియో వేస్తాను, చూడండి."

చూశారు. పెద్దాయనకి జాలి పుట్టిందనుకునేరు! రేపు ఎవరైనా ఈ వీడియోనే కోర్టులో చూపిస్తే తన నెత్తికి చుట్టుకుంటుందన్న భయం, అంతే. మ్యాపు మళ్లీ చేసుకు రమ్మన్నాడు. బుల్‌డోజర్ ప్రస్తుతానికి ఆగింది.

ఛాయాదేవి ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడింది. లిఫ్టు దగ్గర సదాశివరావు అడ్డం వచ్చాడు.

"తెలుగమ్మాయివని చేర్చుకున్నా. నా కడుపు మీద కొట్టావు కదే!"

"కొడితే తగిలేంత కడుపు మీకే ఉంది సార్. ఆ గుడిసెలవాళ్లది వీడియోలో ఎంత దగ్గరికి లాగినా కనపడలేదు."